చుక్కకూ ఒక ముఖం కావాలె

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో చాయ్ తాగుతూ ఒక్కసారి తలెత్తి చూడండి. ఈ జిల్లాలో ముఖం లేనిదంటూ ఏదీ లేదు. పుట్టినరోజుకు ముఖం, పండుగకు ముఖం, పదవి వస్తే ముఖం, రాకపోయినా వచ్చినట్టే ఇంకో ముఖం. ఇలాంటి నేల మీద ఇన్నాళ్ళూ ముఖం లేకుండా బతికిన నిర్భాగ్యురాలు ఒక్కతే. గ్రాఫులో చుక్క.

ఆ అన్యాయాన్ని ఈమధ్యే ఒక ఆఫీసులో సరిదిద్దారు. ఏ ఆఫీసని అడక్కండి. మా అక్క కొడుకు అక్కడ కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేస్తాడు, వాడికి మూడు నెలల జీతం ఇంకా రావాల్సి ఉంది.

వాడొక గ్రాఫు గీశాడు. అడ్డంగా బోరు లోతు, నిలువుగా నీళ్ళలో ఫ్లోరైడ్. 1.5 దగ్గర ఒక ఎర్రగీత. లీటరుకు అన్ని మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగకూడదు. బోరుకొక చుక్క. చుక్క మీద మౌస్ పెడితే ఊరి పేరూ, అంకే ఒక చిన్న డబ్బాలో లేచి వస్తాయి. మర్రిగూడ వైపు వంకరపోయిన కాళ్ళనూ వంగిపోయిన నడుములనూ చూస్తూ పెరిగిన పిలగాడు కనుక కొంచెం శ్రద్ధగానే గీశాడు. మీటింగులో తెర మీద వేశారు. ముందు వరుసలో ఒక పెద్దమనిషి కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "గిదేంది? మా ఊరు గింత చుక్కనా?" అన్నాడు.

చుక్కల కాలం అక్కడితో చెల్లిపోయింది.

నా ఓటు ఆ పెద్దమనిషికే. చుక్కకు మర్యాద తెలియదు. 4 అంటే 4 మీదే కూర్చుంటుంది, ఎవరొచ్చినా లేవదు, జరగదు. అంత మొండిదానికి ప్రజాజీవితంలో చోటెక్కడిది?

అల్లుడు మొదట్లో గింజుకున్నాడు. "మామా, నేను గ్రాఫు గీసే సాఫ్ట్‌వేర్ ప్లాట్లీ, దాంట్ల చుక్క బదులు ఫొటో పెట్టే ఏర్పాటే లేదు. గుండ్రం, చదరం, నక్షత్రం, గంతే" అన్నాడు. తర్వాత వాడే తోవ కనిపెట్టాడు. చుక్కను మార్చక్కర్లేదట. ఒక్కో ఫొటోనూ విడిగా తెచ్చి, సరిగ్గా ఆ చోట గ్రాఫు పైన అతికిస్తే చాలట. అతికించుడు మనకు కొత్తనా? బత్తాయి పండు బొమ్మ పెడదామని వాడి ఆశ. "బత్తాయికి ఓటున్నదా?" అని ఎవరో అడిగేసరికి సర్పంచుల ఫొటోలు తెప్పించారు.

అన్నీ వాట్సాప్‌లో వచ్చిన జేపెగ్‌లు. ఒక్కో తల వెనకాల ఒక తెల్ల చదరం, ఆ చదరం కింద రెండు పక్క ఊళ్ళు గల్లంతు. వెనకభాగం కోసి పీఎన్‌జీలు చేసేసరికి రాత్రి రెండు దాటింది. తెల్లారి సైజుల పంచాయితీ. మండలం నాయకుడి ముఖం సర్పంచి ముఖమంతే ఉంటే ఎట్లా? రెండింతలు చెయ్యమన్నారు. వెడల్పు రెండింతలు, ఎత్తు రెండింతలు చేస్తే ఆక్రమించే చోటు నాలుగింతలవుతుంది. నాయకత్వమంటే అదే కదా. 1925లో వియన్నాలో మ్యూజియం పెట్టిన ఓటో న్యూరత్ అనే ఆయన, లెక్క పెరిగితే బొమ్మను పెంచొద్దు, అదే సైజు బొమ్మల్ని ఇంకొన్ని వెయ్యండి అన్నాడు. పాపం, ఆయన ఫ్లెక్సీ మిషన్ చూడకుండానే పోయాడు.

అసలు మహిమ ఇంకోటుంది. ఇలా అతికించిన ఫొటోకు వేరే ఏమీ చెప్పకపోతే, దాని ఎడమ పై మూల వచ్చి అసలు అంకె మీద కూర్చుంటుంది. మిగతా ముఖమంతా అక్కణ్ణుంచి కుడికీ కిందికీ వేలాడుతుంది. ఒక బోరులో 4 ఉందనుకోండి. ఫొటో ఎత్తు మూడు గళ్ళు. నెత్తి 4 దగ్గర, గడ్డం 1 దగ్గర. "గడ్డం గీత కిందనే ఉన్నది కదా, ఇంక భయమేంది?" అని పెద్దమనిషి తేల్చేశాడు.

ఫ్లోరైడ్ తీయడానికి ఒకప్పుడు నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీళ్ళలో పటిక, సున్నం కలిపి, తేర్చి, వడగట్టే పద్ధతి చెప్పారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. ఈ కొత్త నల్లగొండ టెక్నిక్‌లో పటిక ఖర్చు లేదు, సున్నం ఖర్చు లేదు, మడ్డి ఎక్కడ పారబొయ్యాలన్న బాధ లేదు. నీళ్ళు కూడా అక్కర్లేదు. ఫొటో మధ్యభాగం అంకె మీదికి వచ్చేలా సరిచేస్తానని అల్లుడు అడిగాడు. వద్దన్నారు, సార్‌కు ఇట్లనే నచ్చిందట.

అనుమానం ఉన్నవాళ్ళు దగ్గరికి జరిపి చూసుకోవచ్చు. చుక్కయితే ఎంత దగ్గరికి లాగినా చుక్కంతే ఉండేది, ఊళ్ళు విడివిడిగా కనబడేవి. ఫొటో సైజును మాత్రం గ్రాఫు గళ్ళతో ముడిపెట్టారు, అందుకని లాగిన కొద్దీ ముఖం పెరుగుతుంది. నిజం దగ్గరికి పోదామని బయల్దేరినవాడికి చివరికి తెర నిండా మీసమే మిగులుతుంది.

మరి మౌస్ పెడితే? అతికించిన ఫొటో నోరు విప్పదు. అందుకే దాని కింద పాత చుక్కను పూర్తి పారదర్శకం చేసి దాచిపెడతారు. ఆ అంకెల డబ్బా లేచేది దాని నుంచే. కనబడేది మాట్లాడదు, మాట్లాడేది కనబడదు. మహిళా సర్పంచి ఉన్న ఊళ్ళలో మనవాళ్ళకు దీన్ని వివరించాల్సిన పనిలేదు. ఫ్లెక్సీ మీద ఆమె, ఫోన్లో ఆయన.

ఫైనల్ మీటింగు రోజు నెట్ సతాయించింది. ఫొటోలన్నీ ఇంటర్నెట్ లింకుల మీద నడిచేవి. ఎనిమిది ఊళ్ళ ముఖాలు రానే లేదు, ఆ చోట్లు తెల్లగా, ఖాళీగా ఉన్నాయి. పెద్ద సారు సంతోషించాడు. "ఈ ఎనిమిదిట్ల సమస్య తీరినట్టు రాసుకోండి" అన్నాడు. రాసుకున్నారు. సమోసాలు వచ్చాయి. అల్లుడి చెయ్యి తగిలి మౌస్ కొంచెం పక్కకు జరిగింది, ఏమీ లేని ఆ తెల్లటి చోటు నుంచి చిన్న డబ్బా ఒకటి లేచింది. ఊరి పేరు, పక్కన 4.0.

"వైరస్ వచ్చినట్టుంది, బంద్ చెయ్" అన్నాడు సారు.