కాలువలో గోనెసంచి ఎవరిది?

నిన్న పొద్దున మా కాలువలో మళ్లీ ఒక సంచి తేలింది. లాకు దగ్గర గుర్రపుడెక్కలో చిక్కుకుంది. మూతి ఊడిపోయి, లోపల ఉబ్బిన బ్రాయిలర్ కోళ్లు. రెండు కుక్కలు ఒకదాన్ని గట్టు మీదికి లాగాయి. నాలుగడుగుల అవతల రేవులో ఒకావిడ బిందె తోముకుంటోంది. పంచాయతీకి ఫోను చేస్తే పశువుల ఆసుపత్రిని అడగమన్నారు. అక్కడ అడిగితే కాలువ తమది కాదన్నారు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరుల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు ఎంత హడావిడి! ఫారం చుట్టూ కిలోమీటరు లోపల ఇన్‌ఫెక్టెడ్ జోన్ (రోగం సోకిన ప్రాంతం), పది కిలోమీటర్ల దాకా నిఘా, గోతులు, సున్నం. అవన్నీ కావలసినవే. కానీ ఏ రోగమూ లేని రోజున కూడా ప్రతి షెడ్డులో నాలుగైదు కోళ్లు చస్తూనే ఉంటాయి. ఎండకు కొన్ని, తొక్కిసలాటలో కొన్ని. వాటికి గొయ్యి ఎవరు తీస్తున్నారు? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం ఫారం ఇళ్లకు 500 మీటర్లు, కాలువకు 100 మీటర్లు దూరంలో ఉండాలి. ఉందే అనుకుందాం. సంచికి కాళ్లు లేకపోయినా మోటారు సైకిలు ఉంది కదా! పైగా 5,000 కోళ్ల లోపు ఫారానికి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతే అక్కర్లేదు.

బర్డ్ ఫ్లూ వైరస్ చల్లటి నీళ్లలో, తడి పెంటలో రోజుల తరబడి బతుకుతుంది. కోతలయ్యాక మా చేలల్లో దిగే బాతుల మందలు ఈ కాలువ నీళ్లే తాగుతాయి. బాతు జబ్బు పైకి కనపడకుండానే వైరస్‌ను మోయగలదు. మనుషులకు సోకడం అరుదే, నిజం. కానీ అదే ఏడాది మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూతో చనిపోయింది. ఆ పాపకు కాలువ సంచితో సంబంధం ఉందని అనడం లేదు. అరుదు అనే మాట విని నిద్రపోవద్దంటున్నాను, అంతే.

అందరూ రైతును తిడుతున్నారు. నాకు ఆ కోపం సగమే ఉంది. కంపెనీ కోసం రైతు కోళ్లు పెంచిపెట్టే ఇంటిగ్రేషన్ పద్ధతిలో కోడిపిల్లలు కంపెనీవి, మేత కంపెనీది, మందులూ కంపెనీవే. బరువు తూగిన కోళ్లను లారీలో ఎక్కించుకునేదీ వాళ్లే. చచ్చిన కోడి మాత్రం రైతుది! బతికిన కోళ్ల కోసం వచ్చే కంపెనీయే చచ్చినవాటినీ లెక్క రాసుకుని తీసుకెళ్లాలని, లేదా ఫారంలోనే కంపోస్టు గొయ్యి కట్టించాలని నిబంధన పెట్టడానికి ఇంత కష్టమా?

సాయంత్రానికి నేనూ పక్కింటి బాబాయీ గ్లవుజులు తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని సంచిని గట్టుకు లాగాము. అది కోళ్ల మేత సంచే. తడిసినా కంపెనీ పేరు చెరగలేదు. ఫోటో తీసి ఉంచాను, అడిగే అధికారి ఎవరైనా ఉంటే పంపుతాను.