ఆ నోట్‌బుక్ సంగతి కూడా రాయాల్సింది

బాడీబిల్డింగ్ అంటే పుట్టుకతో వచ్చిన ఒళ్లు, మిగతాది డబ్బాల్లో పౌడర్లు అని మీ వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. పౌడర్లు, ఇంజెక్షన్ల గొడవ ఉంది, కాదనను. కానీ డోరియన్ యేట్స్‌ని చూడండి, 1992 నుంచి 1997 దాకా వరసగా 6 సార్లు బాడీబిల్డింగ్‌లో అతిపెద్ద పోటీ మిస్టర్ ఒలింపియా గెలిచిన మనిషి, ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లోని టెంపుల్ జిమ్‌లో ఏ రోజు ఎంత బరువు ఎన్నిసార్లు ఎత్తాడో ఏళ్ల తరబడి నోట్‌బుక్‌లో రాసుకుంటూ పోయాడు. 1994లో ఎడమ చేతి బైసెప్ (జబ్బ ముందువైపు కండ) చిరిగినా ఆ ఏడాది టైటిల్ వదల్లేదు.

నేనూ ఒకే ఒక్కసారి జిల్లా పోటీకి దిగాను లెండి. అసలు కష్టం బరువులు ఎత్తడం కాదు, తిండి కొలుచుకోవడం. చెల్లి నిశ్చితార్థం రోజు ఇల్లంతా బూరెల వాసన, నేనేమో వంటింటి మూలన చిన్న కాటా మీద ఉడికించిన చికెన్ తూచుకుంటున్నా, 150 గ్రాములకి ఒక ముక్క ఎక్కువైతే తీసి గిన్నెలో వేసేశాను. "జబ్బు మనిషి తిండిరా ఇది" అని అమ్మ ఒకటే సణుగుడు. చివరి వారమైతే ఫ్యాన్ చప్పుడుకి కూడా కోపమొచ్చేది. వచ్చింది ఐదో స్థానం.

అన్నట్టు మన దేశపు బాడీబిల్డర్ మనోహర్ ఐచ్‌ని మర్చిపోయారేం? 4 అడుగుల 11 అంగుళాల మనిషి, బ్రిటిష్ అధికారిని కొట్టి జైలుకెళ్లి అక్కడే పరికరాల్లేకుండా కసరత్తు చేసి, 1952లో మిస్టర్ యూనివర్స్ బాడీబిల్డింగ్ పోటీలో తన విభాగంలో గెలిచాడు. జైల్లో పౌడర్ డబ్బాలు ఎవరిచ్చారండీ ఆయనకి?