పోలింగ్ ముందు యుద్ధం సినిమా: వేయొచ్చా, వేయకూడదా?

(2004 అమెరికా అధ్యక్ష ఎన్నిక. బుష్ మీద డెమోక్రాట్ల తరఫున జాన్ కెర్రీ పోటీ, పోలింగ్ నవంబర్ 2న. కెర్రీ వియత్నాం యుద్ధంలో నేవీ పడవ మీద పనిచేసి, తిరిగొచ్చాక ఆ యుద్ధాన్నే వ్యతిరేకించాడు. ఆ గతం మీద ఆ ఏడాది వచ్చిన సినిమాల గురించి ఒక బాబాయ్, ఆయన అన్న కూతురు పట్టిన వాదన ఇది.)

అమ్మాయి: జులైలో పార్టీ సభలో సెల్యూట్ కొట్టి డ్యూటీకి వచ్చానన్నది కెర్రీయే కదా బాబాయ్? యుద్ధాన్ని ఓట్ల కోసం బయటికి తీసింది ఆయనే. అలాంటప్పుడు అదే యుద్ధంలో ఖైదీలైనవాళ్లు మా మాట కూడా వినండి అంటే తప్పేంటి? కెర్రీని తప్పుపడుతూ తీసిన డాక్యుమెంటరీ ‘స్టోలెన్ ఆనర్’లో మాట్లాడినవాళ్లు నటులు కారు, ఉత్తర వియత్నాం జైళ్లలో ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న సైనికులు. 1971లో సెనేట్ కమిటీ ముందు యుద్ధానికి వ్యతిరేకంగా కెర్రీ చెప్పిన సాక్ష్యం తమ మీద శత్రువు చేతిలో ఆయుధమైందన్నది వాళ్ల గోడు.

బాబాయ్: వాళ్ల బాధ అబద్ధమని నేననను, అనే హక్కు ఎవరికీ లేదు. నా గొడవ సింక్లెయిర్ కంపెనీతో. వాళ్ల చేతిలో 62 టీవీ స్టేషన్లు, దేశంలో దాదాపు నాలుగో వంతు ఇళ్లకు అందేవి. పోలింగ్‌కి రెండు వారాల ముందు, సాయంత్రం జనమంతా టీవీ ముందుండే టైంలో, రోజూ వచ్చే ప్రోగ్రాములు ఆపేసి ఇది వేయమని పైనుంచి ఆర్డరు. ఇది వార్త కాదు, ప్రచారం అని సొంత వాషింగ్టన్ బ్యూరో చీఫే బయటికి చెప్పాడు, వెంటనే ఉద్యోగంలోంచి తీసేశారు.

అమ్మాయి: అదే వేసవిలో బుష్ మీద మైకేల్ మూర్ తీసిన ‘ఫారెన్‌హీట్ 9/11’ 10 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. అక్టోబర్‌లో కెర్రీని మెచ్చుకుంటూ ‘గోయింగ్ అప్‌రివర్’ వచ్చింది, తీసిన జార్జ్ బట్లర్ ఆయనకు ఎన్నో ఏళ్ల స్నేహితుడు. అవి ఆడొచ్చు, ఇది మాత్రం ఆడకూడదా?

బాబాయ్: హాల్లో ఆడించుకోమను, డీవీడీలు అమ్ముకోమను, నేను అడ్డం రాను. టికెట్ కొనేవాడికి ఎవరి సినిమాకి వెళ్తున్నాడో తెలుసు. టీవీ తరంగాలు ప్రజలవి, వాటి మీద లైసెన్సు తీసుకున్నవాడు ఒక పక్షం కొమ్ము కాయకూడదు.

అమ్మాయి: వచ్చి జవాబు చెప్పమని కెర్రీని కూడా పిలిచారు, ఆయనే రానన్నాడు.

బాబాయ్: నింద అంతా నడిచాక వచ్చి ఏం చెప్పాలి? కత్తెర ఎంత పని చేస్తుందో చూడు. 1971లో ఆయన కమిటీకి చెప్పింది ఏమిటంటే, డెట్రాయిట్‌లో 150 మందికి పైగా మాజీ సైనికులు సమావేశమై తాము చేసిన, చూసిన ఘోరాలు చెప్పుకున్నారని, వాళ్లు ఏమేం చెప్పారో వరసగా. 2004లో కెర్రీని వ్యతిరేకించిన మాజీ సైనికుల సంఘం స్విఫ్ట్ బోట్ వెటరన్స్ వాళ్లు టీవీ ప్రకటన చేసినప్పుడు, ఇది వాళ్లు చెప్పిన మాట అనే ముందు భాగం తీసేసి ఘోరాల జాబితా ఒక్కటే వినిపించారు. దాంతో సైన్యం మొత్తం మీద కెర్రీయే నేరం మోపినట్టయింది.

అమ్మాయి: అది ప్రకటన, డాక్యుమెంటరీ కాదు.

బాబాయ్: ఎడిటింగ్ టేబుల్ రెండింటికీ ఒకటే తల్లీ. వియత్నాంలో కెర్రీ కాపాడిన సైనికుడు జిమ్ రాస్‌మన్ సంగతి గుర్తుందా? 1969 మార్చి 13న పడవలోంచి నదిలో పడ్డాడు, ఒడ్డు నుంచి కాల్పులు జరుగుతున్నాయంటాడు. కెర్రీ పడవ వెనక్కి తిప్పి, ముందు అంచు మీద వంగి, దెబ్బ తగిలిన చేత్తోనే ఆయన్ని పైకి లాగాడు. రాస్‌మన్ రిపబ్లికన్, అయినా 2004లో కెర్రీ ప్రచారానికి అయోవా రాష్ట్రం వెళ్లి ఈ సంగతి చెప్పాడు. కాల్పులే జరగలేదని పక్క పడవల్లోని కొందరు 35 ఏళ్ల తర్వాత ఎదురు చెప్పారు, నేవీ రికార్డులు మాత్రం జరిగాయనే అంటున్నాయి. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడటానికి ఓటరుకి టైం కావాలి, రెండు వారాల్లో ఎక్కడ దొరుకుతుంది?

అమ్మాయి: సీబీఎస్ టీవీని ఎందుకు వదిలేస్తున్నారు? వియత్నాం రోజుల్లో బుష్ నేషనల్ గార్డ్‌లో (దేశంలోనే ఉండే రిజర్వు దళం) చేసిన సర్వీసు మీద సెప్టెంబర్ 8న స్టోరీ వేసింది, ఆ పత్రాలు అసలైనవని నిరూపించలేక 20న క్షమాపణ చెప్పింది. ఆ తప్పు పట్టుకున్నది ఏ ప్రభుత్వ ఆఫీసూ కాదు, చూసిన జనం. 2019లో మన ఎన్నికల సంఘం ప్రధాని జీవితం మీద తీసిన సినిమాను ఎన్నికలయ్యేదాకా ఆపింది. అలాంటి అధికారం ఒకరి చేతికిస్తే రేపు నిజం చెప్పే సినిమా కూడా ఆగిపోతుంది, నా భయం అదే.

బాబాయ్: సీబీఎస్ చేసిందీ తప్పే. కానీ ప్రభుత్వం ఆపాలని నేనెప్పుడన్నాను? అక్కడా ప్రసారాల కమిషన్ ఛైర్మన్ ఆపనన్నాడు. ప్రకటనలిచ్చేవాళ్ల మీద జనం ఒత్తిడి తెచ్చారు, షేరు పడింది, చివరికి అక్టోబర్ 22న 40 స్టేషన్లలో వేరే ప్రోగ్రాం వేసి అందులో ఈ సినిమా ముక్కలు కొన్నే చూపించారు.

అమ్మాయి: అంటే ఆ ఖైదీల మాట మళ్లీ సగమే వినపడింది! సినిమా మొత్తం వేసి ఉండాల్సింది బాబాయ్.

బాబాయ్: వేయమను. 1971 సాక్ష్యం కూడా ఒక్క ముక్క కొయ్యకుండా, అదే రాత్రి, అదే ఛానల్లో వేయమను.

అమ్మాయి: దానికి నేను రెడీ. వాళ్లు అలా వేయకపోయినా సరే, నిషేధించాలని మాత్రం నాచేత అనిపించలేరు.