నాడి పట్టని డాక్టర్ వాట్సన్ గారికి

మహారాజశ్రీ డాక్టర్ జాన్ వాట్సన్ గారి సముఖమునకు, నల్లగొండ నుంచి నమస్కారములు.

నిన్న ఆదివారం కరెంటు పోయిన మధ్యాహ్నమంతా మళ్ళీ మీ కథకే పోయింది. మీ స్నేహితుడు, డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ గారు ఒక హంతకుణ్ణి రప్పించడానికి చావు నాటకం ఆడిన కథ, 1913లో అచ్చయినది. ఈసారైనా రోగి చెయ్యి పట్టుకుంటారేమో అని పేజీ తిప్పాను. పట్టలేదు.

మీ వేరే కథల్లో తూటా మీకు భుజానికి తగిలిందా, కాలికి తగిలిందా అని అడగను. జాన్ అనే మొగుణ్ణి ఇల్లాలు జేమ్స్ అని ఎందుకు పిలిచిందో మీ ఇంటి సంగతి. మూడేళ్ళు చచ్చినట్టు నమ్మించిన హోమ్స్ గారు తిరిగొస్తే చెంప పగలగొట్టకుండా మీరే మూర్ఛపోయారు. పోనివ్వండి.

నాడి సంగతి మాత్రం వదలను.

1878లో లండన్ యూనివర్సిటీ ఎం.డి. పట్టా తీసుకున్నారు. మా ఊళ్ళో ఆర్ఎంపీ పేరు అడగకముందే నుదుటి మీద చెయ్యి పెడతాడు, చంకలో థర్మామీటర్ పెడతాడు, మణికట్టు పట్టుకుంటాడు. పట్టా లేదు, బోర్డు కూడా సక్కగ లేదు. హోమ్స్ గారి వేషం చూస్తే నుదుటికి వాజిలీను, కళ్ళల్లో బెల్లడోనా మందు, దవడలకు ఎర్ర రంగు, పెదాలకు తేనెమైనం పెచ్చులు. ఇంత మేకప్పూ ఒక్క థర్మామీటర్ ముందర ఆగేదేనా?

దూరం నుంచి తెలిసే రోగాలు లేవనను. మర్రిగూడ, మునుగోడు దిక్కు గార పండ్లు, వంగిన నడుము చూస్తే ఎవరికైనా ఫ్లోరైడ్ నీళ్ళు గుర్తుకొస్తయి. జ్వరం అట్ల కాదు సారూ, ముట్టుకుంటేనే తెలిసేది. అందుకే ఆయన మిమ్మల్ని నాలుగు గజాల అవతల నిలబెట్టిండు. నాలుగు గజాలు! మా దగ్గర ప్లాటు హద్దు తగాదాకు కూడా చాలని జాగా.

ముట్టుకుంటే అంటుకుంటదన్నడు. అయినా ముందుకే పోబోయిన్రు, ఒప్పుకుంటా. నీ చదువెంత, నీ అనుభవమెంత అని తిట్టంగనే మొహం చిన్నబుచ్చుకున్నరు. సరే, వేరే డాక్టర్‌ను తెస్తానని తలుపు దిక్కు తిరిగితే ఏమైంది? మూడొద్దులు పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, ఘడియల మీదున్న మనిషి, పులి లెక్క దుమికి తాళమేసిండు! ఏందయ్యా డాక్టరూ, అప్పుడన్నా అనుమానం రావద్దా? మళ్ళా మంచంల పడి రొప్పుతుంటే నమ్మినవ్. చిల్లర ఎడమ జేబుల వేసుకో, బరువు సరిపోతదంటే సన్నిపాతమనుకున్నవ్. గ్యాసు దీపం సగమే పెట్టు అంటే సగమే పెట్టినవ్. ఎందుకన్నడో అడగొద్దా? నిండుగ పెడితే రంగు బయటపడదూ! నాలుగు గంటల నుంచి ఆరు దాకా అదే అర్రల ఉంటివి. రెండు గంటలల్ల నాడి చూడనీకి అర నిమిషం దొరకలేదా?

పైగా అంతా అయినంక ఆయన చెప్పిన మాట విను. నాడి పట్టుకుంటే నువ్వు కనిపెడతవని భయమట. నీకు అబద్ధమాడుడు రాదు కాబట్టి, నువ్వు నిజంగ ఏడిస్తెనే ఆ హంతకుడు స్మిత్ నమ్మి వస్తడట. అంటే నీ వైద్యం మీద ఆయనకున్న నమ్మకం, నీకే లేకపాయె. తిట్టంగనే ఒప్పుకుంటివి గదా.

అయినా పెండ్లై రెండో ఏడు కూడా నిండకముందే, హోమ్స్ ఉండే ఇంటి ఓనరమ్మ చెప్పిన ఒక్క మాటకు ఉరికొచ్చినోనివి. అంటురోగమన్నా వెనక్కి పోనోనివి. అరవై కథలల్ల యాభై ఆరు నువ్వే చెప్పినా, ఒక్కదాంట్ల కూడా నీ తెలివిని పొగుడుకోలే. తిడదామని కూసుంటే ఇవి యాదికొస్తయి, పెన్ను ఆగుతది.

ఆగింది గని, ఆఖరి పేజీ చూసి మళ్ళా మండింది. మూడొద్దుల కటిక ఉపాసం మీద ఆయన వైను, బిస్కెట్లు తీసుకుంటుంటే నువ్వు చూసుకుంట నిలబడితివి. ఆ తర్వాత హోటల్‌కు పోదామన్నడు. జావ తాగు నాయనా అని డాక్టర్‌వు నువ్వు చెప్పొద్దా?