‘ముట్టరాదు’ బోర్డు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ‘ముట్టరాదు’ బోర్డు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. నిన్న మధ్యాహ్నమంతా వరుసలో నిలబడి, తీరా ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ చేసిన ఉడుత ముందుకు వచ్చి నడుము వంచగానే, తమరి తరఫున కాపలాదారు వేసిన కేక ఇంకా చెవుల్లో మోగుతున్నందున ఈ లేఖ రాసే సాహసం చేస్తున్నాను. నా చేతులు రెండూ వీపు వెనకే ఉన్నాయి. వంగింది తల మాత్రమే.

1996 నాటి ఆ కళాకృతిలో వంటగది ఉడుత కొలతకే కట్టినది. బుల్లి సింకులో కడగని గిన్నెలు, నేల మీద తుపాకి, బల్ల మీద తల వాల్చేసిన ఉడుత. అది చూసి ముందు నవ్వు వచ్చి, ఆ వెంటనే ఆ నవ్వు గొంతులో అడ్డం పడాలంటే, మనిషి కిందికి దిగి ఆ జీవి ఎత్తుకు తన కళ్లను తెచ్చుకోవాలి. తమరు గీయించిన గీత అవతల నిలబడ్డవాడికి కనిపించేది తోక కొస. అయినా అది లోపల కూర్పు నింపి నిలబెట్టిన నిజమైన ఉడుత కనుక, పదిమంది వేళ్ల జిడ్డుకు ఆ బొచ్చు నిలవదని తమరు వాదిస్తే కాదనలేను. తమరే లేకుంటే ఆ తోక ఈపాటికి ఏ పిల్లవాడి జేబులోనో ఉండేది. ఉడుత విషయంలో తమకు సగం మార్కులు.

అదే కళాకారుడి అరటిపండు విషయంలో సున్నా.

2019లో మయామీ బీచ్ కళాప్రదర్శనలో దానిని గోడకు డక్ట్ టేపుతో అంటించి 1,20,000 డాలర్లకు అమ్మారు. కొన్నవారికి శాశ్వతంగా దక్కేది ఒక ధ్రువపత్రమూ, పండును ఎంత ఎత్తులో, ఎలా అంటించాలో చెప్పే సూచనల కాగితాలూ మాత్రమే. పండు మగ్గితే పారేసి మరొకటి అంటించుకోవాలి. అంటే తమరు తాడు కట్టి, గీత గీసి, మనిషిని పెట్టి కాపాడుతున్న ఆ వస్తువు కొద్ది రోజుల్లో చెత్తబుట్ట చేరుతుంది. ధ్రువపత్రం ఎక్కడో బీరువాలో భద్రంగా ఉంది. ఆలోచన లోకమంతా పాకిపోయింది. ఇక తాడు దేనికి?

మయామీలోనే ఒక కళాకారుడు ఆ పండును ఒలుచుకుని తినేశాడు. నిమిషాల్లో కొత్తపండు వచ్చింది. 2023లో సియోల్‌లో ఒక విద్యార్థి తిని, తొక్కను తిరిగి గోడకే అంటించాడు. అక్కడా కొత్తపండు వచ్చింది. 2024లో న్యూయార్క్ వేలంలో 62 లక్షల డాలర్లు పోసిన క్రిప్టో వ్యాపారి జస్టిన్ సన్, హాంకాంగ్‌లో విలేకరుల ఎదుటే తన పండును నమిలి మింగాడు. ఆ రోజు తమరు సెలవులో ఉన్నారా? సొంతదారు తింటే వార్త, టికెట్టు కొన్నవాడు వంగి చూస్తే నేరం! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక ‘తమరు’ అనడానికి నాకు నోరు రావడం లేదు.

కాటెలాన్ 1991లో ఒక్కో వైపు పదకొండు మంది ఆడేలా టేబుల్ ఫుట్‌బాల్ బల్లను సాగదీసి, మనుషులను నిలబెట్టి ఆడించాడు. ఆ కడ్డీలు పట్టుకుని తిప్పడానికే పుట్టాయి. నువ్వు పక్కన చేరితే అది బల్ల ఆకారంలో ఉన్న సమాధి. 2016లో న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఆయన పెట్టిన 18 క్యారట్ల బంగారు టాయిలెట్‌ను సందర్శకులు లోపలికి వెళ్లి, తలుపు వేసుకుని, నిజంగానే వాడుకున్నారు. దానికేమీ కాలేదు. 2019లో ఇంగ్లండ్‌లోని బ్లెనిమ్ ప్యాలెస్ నుంచి దానిని పెకలించుకుపోయినవాళ్లు ఏ బోర్డునూ చదివి ఆగలేదు. నీ ప్రతాపమంతా వరుస తప్పని మర్యాదస్థుల మీదే.

ఉడుత దగ్గర ఉండు, అభ్యంతరం లేదు. అరటిపండు దగ్గర నుంచి మాత్రం కదులు. కదలనంటావా, ఈసారి పాతపండు పీకి పారేయడానికి సిబ్బంది వచ్చినప్పుడు, వాళ్లను ఆపి చూడు.

ఇట్లు,
టికెట్టు మాత్రమే కొనగలిగిన ఒక సందర్శకుడు