ఒకే యూరో, రెండు రకాల లాభం

స్పెయిన్‌లో మాడ్రిడ్‌కు దక్షిణాన దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో సియుదాద్ రియల్ అనే ఊరుంది. 100 కోట్ల యూరోలకు పైగా పోసి, 4 కిలోమీటర్ల రన్‌వేతో అక్కడ విమానాశ్రయం కట్టారు. 2012లో మూతపడింది. పొరపాటున కూడా ఎవరూ దిగకుండా రన్‌వే మీద పసుపు రంగుతో పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు వేశారు. 2015 వేలంలో వచ్చిన ఒకే ఒక్క పాట 10 వేల యూరోలు! (ఆ రేటుకు ఇవ్వలేదు లెండి.) దానికి అప్పిచ్చిన స్థానిక పొదుపు బ్యాంకు 2009లోనే చేతులెత్తేసింది.

దక్షిణ యూరప్ వాళ్లు అప్పుచేసి పప్పుకూడు తిన్నారని అప్పట్లో అందరూ అన్నారు. తిన్నారు, సరే. వడ్డించిందెవరు?

స్పెయిన్ పాత కరెన్సీ పెసెటా ఉన్నప్పుడు దాని విలువ పడిపోతుందేమోనని బయటివాళ్లు అప్పివ్వడానికి జంకేవారు. 1999లో ఉమ్మడి కరెన్సీ యూరోతో ఆ భయం పోయింది. 2003 జూన్ నుంచి రెండున్నరేళ్లు యూరప్ కేంద్ర బ్యాంకు వడ్డీ 2 శాతం. స్పెయిన్‌లో ధరలు మాత్రం ఏటా 3 శాతం దాకా పెరుగుతున్నాయి. అంటే అప్పు తీసుకున్నవాడికి ఎదురు డబ్బిచ్చినట్టే. జర్మనీలో జీతాలు పెద్దగా పెరగలేదు, దేశం లోపల గిరాకీ లేదు, పోగైన సొమ్ము దక్షిణానికి పారింది.

పెట్టుబడి తక్కువున్న చోట లాభం ఎక్కువ, కాబట్టి డబ్బు అక్కడికే వెళ్తుందని ఆర్థికశాస్త్ర పాఠం చెబుతుంది. వెళ్లింది కూడా. కానీ స్థలాల్లోకి, ఫ్లాట్లలోకి వెళ్లింది. ఫ్యాక్టరీల సంగతీ అంతే. ఆర్థికవేత్త గీతా గోపీనాథ్, మరికొందరు 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, చవక అప్పు బాగా ఉత్పత్తి చేసే కంపెనీల కంటే ఆస్తి చూపగలిగిన కంపెనీలకే ఎక్కువ దక్కింది. ఒకే దేశంలో కంపెనీల మధ్య రాబడి తేడాలు ఇంకా పెరిగాయి.

ఆ స్థలాల, ఫ్లాట్ల బుడగ పగిలి దెబ్బ తగిలాక, స్పెయిన్‌కు కరెన్సీ విలువ తగ్గించుకునే దారి లేదు. కోత జీతాల మీద పడింది. 2013లో నిరుద్యోగం 26 శాతం. జర్మనీ ఎగుమతిదారుకు మాత్రం, పాత మార్క్ అయితే ఉండే ధర కంటే చవకైన కరెన్సీ దొరికింది.

మనకూ రూపాయి ఒకటే. బీహార్‌లో డిపాజిట్లతో పోలిస్తే బ్యాంకులిచ్చే అప్పు బాగా తక్కువ, తెలంగాణ, ఆంధ్రల్లో డిపాజిట్లను మించి ఇస్తున్నాయి. అయినా 15వ ఆర్థిక సంఘం పంపకంలో (2021-26) రాష్ట్రాలకిచ్చే పన్నుల్లో 10 శాతం బీహార్‌కే. యూరప్ ఉమ్మడి బడ్జెట్ మొత్తం కలిపినా సభ్యదేశాల మొత్తం ఆదాయంలో ఒక శాతం చుట్టూనే. బీహార్ కుర్రాడు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి రైలెక్కితే చాలు. స్పెయిన్ ఇంజినీరు జర్మనీ వెళ్లాలంటే ముందు జర్మన్ నేర్చుకోవాలి. వెళ్లాక అక్కడ కట్టే పన్నులో స్పెయిన్‌కు వాటా పంచే ఆర్థిక సంఘమంటూ లేదు.