పల్లె బాకీ తీర్చనిదే నగరం ఆగదు

నగరం పెరుగుదలకు కళ్లెం వేయాలనగానే ముందు మ్యాపు బల్ల మీదికి వస్తుంది. చుట్టూ ఒక గీత గీస్తారు. లోపల ఇళ్లు, బయట పొలాలు. గ్రీన్ బెల్ట్ అన్నా, హరిత వలయం అన్నా నమ్మకం ఒక్కటే: గీత గట్టిగా ఉంటే నగరం ఆగుతుందని. ఆగదు. లండన్ చుట్టూ ఉన్న గ్రీన్ బెల్ట్ 5 లక్షల హెక్టార్లకు పైనే, అంటే నగరానికి మూడింతలు. అయినా ఆ పచ్చదనం అవతలి ఊళ్లలో కాపురం పెట్టి రోజూ రైలెక్కి లండన్ వచ్చిపోయేవాళ్లు లక్షల్లో ఉన్నారు. సియోల్ 1971లో వలయం గీసుకుంది. 1990లు వచ్చేసరికి దానికి ఆవల బుందాంగ్, ఇల్సాన్ లాంటి కొత్త పట్టణాలు లేచాయి. గీత ఉన్నచోటే ఉంది, నగరమే దాని మీంచి దూకింది.

గీతకు ఇటున్న ఎకరానికీ అటున్న ఎకరానికీ మట్టిలో తేడా లేదు, ధరలో ఉంది. ఆ తేడా ఒక సంతకంతో పుడుతుంది. భూ వినియోగం మార్చే సంతకం కావచ్చు, కొత్త రోడ్డుకు ఓకే చెప్పే సంతకం కావచ్చు. రోడ్డు వేసేది జనం డబ్బుతో. పెరిగిన ధర పోయేది మాత్రం ఆ రోడ్డు ఎటు వెళ్తుందో ముందే తెలిసి భూమి కొన్నవాళ్ల జేబులోకి. ఈ లాభం ఉన్నంతకాలం గీతను ఇంకాస్త జరపమని ఎవరో ఒకరు ఒత్తిడి తెస్తూనే ఉంటారు.

బ్రిటన్‌కు ఈ సంగతి మొదట్లోనే తెలుసు. 1947 ప్రణాళికా చట్టంతో, కట్టుకోవడానికి ఇచ్చే అనుమతి వల్ల పెరిగే భూమి విలువ మీద 100 శాతం చార్జీ పెట్టింది. భూమి అమ్మేవాళ్లు ముందుకు రాలేదు, ప్రభుత్వం మారింది, కొన్నేళ్లకే చార్జీ పోయింది. 1955లో గ్రీన్ బెల్టులు పెట్టుకోమని స్థానిక సంస్థలకు చెప్పే నాటికి డబ్బు సంగతి చూసే సగం లేదు, గీత ఒక్కటే మిగిలింది. అసలు తప్పు అక్కడే జరిగింది. నూటికి నూరూ లాక్కోవడం అత్యాశే. కానీ అందులో సగమైనా తీసుకుని పల్లెకు ఖర్చుపెట్టి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఎందుకంటే పొలం ఇళ్లు వచ్చాక చచ్చిపోదు, ఇళ్లు రాకముందే చచ్చిపోతుంది. ఇంకో ఐదేళ్లలో ప్లాట్లు పడతాయని తెలిసిన రైతు ఈ ఏడాది తోట వేయడు. కాపుకొచ్చేదాకా భూమి తన చేతిలో ఉండదని ఆయనకు తెలుసు. బావి పూడిక తీయించడు. గట్టు తెగితే మట్టి వేయడు. పక్క రైతు అమ్ముకుని వెళ్లిపోతాడు, ట్రాక్టర్ బాగుచేసే మెకానిక్‌కు పని తగ్గి అతనూ వెళ్తాడు. కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు పేడ వాసనంటూ ఫిర్యాదు చేస్తారు. చివరికి ఆ భూమిని చూపించి, “ఇక్కడ సాగు ఎక్కడుంది? బీడే కదా!” అంటారు. బీడు చేసింది ఎవరు మరి?

గీతలన్నీ తీసేస్తే భూమి చవకై సామాన్యుడికి ఇల్లు దొరుకుతుందని వాదించేవాళ్లున్నారు. ఇళ్ల ధరల బాధ నిజమే. లోపల కట్టనివ్వకుండా గీత గీస్తే అద్దెలు మండుతాయి. అందుకే అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం నగరాలకు హద్దు పెట్టడంతో పాటు, హద్దు లోపల 20 ఏళ్లకు సరిపడా ఇళ్ల స్థలం ఉండాలని చట్టంలో రాసుకుంది. ఇక దూరాన దొరికే చవక ఇల్లు చవకేమీ కాదు. పెట్రోలు, గంటల ప్రయాణం, ట్రాఫిక్ టెన్షన్ లెక్కేస్తే తెలుస్తుంది. అంత దూరం పైపులు, కరెంటు తీగలు లాగే ఖర్చూ అందరి పన్నుల్లోంచే పోతుంది.

నగరాన్ని నిలబెట్టేది గీత కాదు, ఒప్పందం. న్యూయార్క్‌ను చూడండి. ఆ నగరం రోజుకు తాగే దాదాపు 100 కోట్ల గ్యాలన్లలో అధిక భాగం క్యాట్‌స్కిల్స్ కొండల వైపు నుంచి, ఫిల్టర్ ప్లాంటు లేకుండానే వస్తుంది. ఆ జలాశయాల కోసం గత శతాబ్దంలో నగరం ఊళ్లను ముంచింది, సమాధులు తవ్వి తరలించింది. ఆ కోపాన్ని అక్కడివాళ్లు తరాలుగా మోశారు. 1990లో నీళ్లు పాడవకుండా వాగుల పక్కన ఏం చేయకూడదో చెబుతూ నగరం పైనుంచి రూల్స్ పంపితే రైతులు తిరగబడ్డారు. ఫిల్టర్ ప్లాంటు కడదామంటే 600 కోట్ల డాలర్లకు పైనే అవుతుందని అంచనా. అప్పుడు నగరం దిగొచ్చి రైతులతో కూర్చుంది.

చేసినవి చిన్న పనులే. దూడల పేడ నుంచి వాగులోకి చేరే క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి నగరంలో కడుపు జబ్బులు తెస్తుంది. కాబట్టి దూడల కొట్టాలను బాగుచేశారు. పశువులు వాగులో దిగకుండా కంచె వేసి, తాగడానికి విడిగా తొట్టి కట్టారు. ఖర్చు నగరానిది. ఏం చేయాలన్నది ఏ పొలానికి ఆ పొలం చూసి నిర్ణయించారు. చేరడం రైతు ఇష్టం. ఐదేళ్లలో 85 శాతం మంది చేరాలనుకుంటే అంతకు మించే చేరారు.

నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది ఈ కూర్చోవడం గురించే. మాస్టర్ ప్లాన్‌లో పల్లె ఒక ఆకుపచ్చ రంగు, అంతే. ఆ రంగు కింద బతికేవాళ్లకు ప్లాన్ గీసే బల్ల దగ్గర కుర్చీ ఉండదు. అంతా అయ్యాక అభ్యంతరాలుంటే రాసివ్వమని ఒక నోటీసు వస్తుంది. నగరానికి నీళ్లూ గాలీ తిండీ ఇచ్చేవాళ్లు, వరద నీటిని తమ చెరువుల్లో ఇంకించేవాళ్లు అభ్యంతరం చెప్పుకునే అర్జీదారులా? వాళ్లు బాకీ రావాల్సినవాళ్లు. పల్లె పాలకవర్గం సంతకం లేని నగర ప్లాన్ చెల్లకూడదు.

ఇది జరగని పని కాదు. 1997లో న్యూయార్క్ ఆ కొండ ఊళ్లతో రాసుకున్న ఒప్పందం ప్రకారం, నీటిని కాపాడుకోవడానికి నగరం అక్కడ భూమి కొనొచ్చు గానీ, అమ్ముతామన్నవాళ్ల దగ్గరే కొనాలి, బలవంతంగా తీసుకోకూడదు. తమ ఊరు రేపు ఏ వైపు పెరగాలో గుర్తించే అవకాశం ఊళ్లకు దక్కింది. అలా ఊరు గీసుకున్న గీత లోపల భూమి కొనడం మానుకోవాల్సింది నగరమే.